పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పాత జర్మన్ సైనిక పిస్తోళ్ల వయసు

ప్రశ్న: ఉద్యోగరీత్యా నేను జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఉంటున్నాను. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలి భర్త ఇటీవల కాలం చేశారు. ఆయన ఇనప్పెట్టెలో అనుమతి పత్రంతో పాటు ఒక పాత పిస్తోలు దొరికింది. ఆమె తీసిన ఫొటోలను చూసి రాస్తున్నాను. పైకి మడతపడే భాగం మీద కిరీటం, దాని కింద ‘ఎర్ఫుర్ట్’ అన్న పేరు ఉన్నాయి. గొట్టం మొదలయ్యేచోట పైన 1920 అనీ, దాని కింద 1912 అనీ చెక్కి ఉంది. ఎడమ పక్కన 4721 అనీ, ముందువైపు గొట్టం కింద అదే సంఖ్యతో పాటు చిన్న ‘ఏ’ అక్షరమూ కనిపిస్తున్నాయి. గొట్టం అడుగున 8,83 అని ఉంది. చిన్న భాగాల మీద 21 అని ఉన్నా, ఎడమవైపు పలక మీద మాత్రం 64 అని ఉంది. పిడి ముందుభాగాన ‘113. ఆర్. 5. 21.’ అని మరో వరుస ఉంది. ఫొటోలు చూసిన ఒక వ్యాపారి ఇది 1920లో తయారై హిట్లర్ సైన్యం వాడిన పిస్తోలు అన్నాడు. అది నిజమేనా? దీని కాలిబర్ 8.83 మిల్లీమీటర్లా? ఆమె ఇప్పుడు దీన్ని ఏం చేయాలి?

జవాబు: పలక మీది 64 తప్ప మీరు రాసిన ముద్రలన్నీ ఒకదానికొకటి పొసుగుతున్నాయి కనుక ముందుగా తేలిన విషయం చెబుతాను. ఈ పిస్తోలు 1912లో తయారైంది. కైజర్ చక్రవర్తి కాలపు సైన్యం కోసం ఎర్ఫుర్ట్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం చేసిన పి.08 ఇది, మన పాఠకులకు లూగర్ అంటే సులభంగా తెలుస్తుంది. దీని కాలిబర్, అంటే ఇది వాడే గుండు కొలత, 9 మిల్లీమీటర్లు. వ్యాపారి చెప్పిన మొదటి మాట తప్పు, రెండో మాటకు ఆధారం లేదు. అయితే అతను ఎందుకు పొరబడ్డాడో చూస్తే, ఇలాంటి ఆయుధాలను ఏ వరుసలో పరిశీలించాలో కూడా తెలుస్తుంది.

మొదట చూడవలసింది నమూనా. పేల్చినప్పుడు మోకాలు మడిచినట్టు పైకి లేచే కీలు భాగాన్ని సేకర్తలు టాగుల్ అంటారు. హ్యూగో బోర్షార్ట్ 1893లో చేసిన పెద్ద పిస్తోలులో ఈ ఏర్పాటు ఉండేది. దాన్నే గెయోర్గ్ లూగర్ చేతికి అమరేలా, తేలికగా తీర్చిదిద్దాడు. స్విట్జర్లండ్ సైన్యం 1900లో, జర్మన్ నౌకాదళం 1904లో, జర్మన్ సైన్యం 1908లో దీన్ని స్వీకరించాయి. పి.08 అనే పేరు ఆ చివరి సంవత్సరం నుంచే వచ్చింది. సైన్యపు పిస్తోలు గొట్టం 100 మిల్లీమీటర్లు, నౌకాదళానిది 150, ఫిరంగి దళాల కోసం 1913లో స్వీకరించినది 200. అందువల్ల స్కేలు పెట్టి గొట్టాన్ని కొలవగానే సగం సందేహం తీరుతుంది. నౌకాదళపు తొలి పిస్తోళ్లలోనూ, 1900 నాటి నమూనాలోనూ పిడి వెనుక, అరచేతితో నొక్కితేనే పేలనిచ్చే మీట ఒకటి ఉండేది. పి.08లో అది లేదు. సేఫ్టీ మీట కింద ‘గెజిషెర్ట్’ అనీ, గుండు గదిలో ఉన్నప్పుడు పైకి లేచే చిన్న రేకు మీద ‘గెలాడెన్’ అనీ కనిపిస్తే అవి తయారీదారుల పేర్లని అనుకోవద్దు. సేఫ్టీ వేసి ఉందనీ, గుండు ఎక్కి ఉందనీ సైనికుడికి చెప్పే గుర్తులు మాత్రమే అవి.

ఆ తర్వాత తయారీదారు సంగతి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా జర్మన్ సైన్యానికి పి.08లు చేసినవి ప్రధానంగా రెండు కర్మాగారాలు. ఒకటి బెర్లిన్‌లోని డి.డబ్ల్యు.ఎం. సంస్థ, దాని మూడు అక్షరాలూ పెనవేసుకున్న చిహ్నం టాగుల్ మీద ఉంటుంది. రెండోది ఎర్ఫుర్ట్, అక్కడ ఈ పిస్తోలు తయారీ 1911లో మొదలై 1918తో ఆగిపోయింది. గుండు కూర్చునే గొట్టం గది మీద ఏ సంవత్సరమూ లేకపోయినా, కిరీటం కింద ఎర్ఫుర్ట్ అన్న ముద్ర ఒక్కటే ఆ ఎనిమిదేళ్ల హద్దు గీసి ఇస్తుంది. ఎర్ఫుర్ట్ పనిని గుర్తుపట్టడానికి మరో దారి కూడా ఉంది. అక్కడి తనిఖీ అధికారులు చిన్న చిన్న భాగాల మీద కూడా, కిరీటం కింద ఒక అక్షరం ఉన్న ముద్ర వేసేవారు. డి.డబ్ల్యు.ఎం. పిస్తోళ్ల మీద ఇవి చాలా తక్కువ. భూతద్దం పట్టుకుని ఎర్ఫుర్ట్ పిస్తోలును చూస్తే, ముద్ర లేని భాగం కోసమే వెతకవలసి వస్తుంది. కుడి పక్కన వరుసగా కనిపించే కిరీటపు అక్షరాలు ఒక్కొక్కటీ ఒక్కో తనిఖీ దశను తెలుపుతాయి. వాటితో పాటు ఉండే డేగ, పేల్చి చూసి పరీక్షించారని చెప్పే గుర్తు.

ఇక అసలు చిక్కు 1920. యుద్ధంలో ఓడిన జర్మనీకి వెర్సాయ్ ఒప్పందం 1,00,000 మంది సైన్యాన్ని మాత్రమే మిగిల్చింది. దేశంలో లెక్కకు అందని ఆయుధాలు లక్షల్లో తిరుగుతూ ఉండగా, ఏది ప్రభుత్వానిదో ఏది కాదో తేల్చడానికి 1920లో ప్రభుత్వ అధీనంలో ఉన్న ఆయుధాల మీద ఆ సంవత్సరాన్ని ముద్రించారు. అందువల్లనే పాత సంవత్సరానికి పైన 1920 అని కొట్టిన పిస్తోళ్లు నేటికీ విరివిగా కనిపిస్తాయి. తయారీ సంవత్సరం కింద ఉన్నది. పైనున్నది యాజమాన్య ముద్ర. రెండు వరుసల అంకెల ఆకారాన్నీ లోతునూ పక్కపక్కన పోల్చి చూస్తే, అవి రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు చేతుల మీదుగా పడినవని సాధారణంగా తెలిసిపోతుంది. రెండు సంవత్సరాలు ఉంటే గందరగోళం తక్కువ. 1920 ఒక్కటే ఉన్నప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. గది మీద సంవత్సరం లేకుండా తయారైన తొలి నాటి పిస్తోలు మీద పడిన యాజమాన్య ముద్ర కావచ్చు, లేదా నిజంగానే 1920లో తయారైనది కావచ్చు. తక్కిన ముద్రలన్నీ చూడకుండా అక్కడ తీర్పు చెప్పకూడదు.

ఎక్కువమంది పొరబడేది సీరియల్ సంఖ్య దగ్గర. ‘నా పిస్తోలు సంఖ్య 4721, ఏ సంవత్సరానిది?’ అని అడిగే ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. సైన్యపు పి.08ల విషయంలో ఆ సంఖ్య ఒక్కటే ఏ కాలాన్నీ చెప్పదు. రెండు కర్మాగారాలూ ఏటా మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టేవి. మొదటి 10,000 పిస్తోళ్లకు అక్షరం ఉండదు, తర్వాతి 10,000కు సంఖ్య కింద ‘ఏ’, ఆ తర్వాతి వాటికి ‘బి’ అని సాగుతుంది. అంటే 4721 అనే సంఖ్య గల పిస్తోళ్లు ఎన్నో ఉంటాయి. మీరు చెప్పిన దానికి 1912 అనే సంవత్సరం, ఎర్ఫుర్ట్ అనే పేరు, ‘ఏ’ అనే అక్షరం కలిస్తేనే అది ఒకే ఒక్క పిస్తోలవుతుంది. ఆ ఏడాది ఆ కర్మాగారం చేసినవాటిలో అది దాదాపు 14,721వది. అమ్మకపు ప్రకటనల్లో అక్షరం వదిలేసి సంఖ్య మాత్రమే ఇచ్చినప్పుడు, తెలియక వదిలేశారా, కావాలని వదిలేశారా అని నేను ఒకసారి ఆగి ఆలోచిస్తాను.

8,83 కాలిబర్ కాదు. జర్మన్లు దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ల మధ్య ఎత్తుగా ఉండే గట్ల నుంచి గట్ల వరకూ కొలిచిన వ్యాసం అది, మిల్లీమీటర్లలో. కర్మాగారంలో ఒక్కో గొట్టాన్నీ కొలిచి ముద్రించేవారు కనుక 8,82 అనీ 8,84 అనీ కూడా మీకు కనిపించవచ్చు. ఆ ముద్రకు దగ్గర్లోనే గొట్టం మీద పిస్తోలు పూర్తి సంఖ్య ఉండాలి. గొట్టమూ దాన్ని బిగించిన భాగమూ కలిసేచోట, రెండింటి మీదుగా ఒకే గీత కొట్టి ఉంటుంది. ఆ గీత విరిగినట్టు పక్కకు జరిగి ఉంటే గొట్టాన్ని తర్వాత మార్చారనో, విప్పి మళ్లీ బిగించారనో అర్థం. యజమానురాలిని ఆ రెండింటికీ దగ్గరగా మరో ఫొటో తీయమనండి.

పిడి ముందున్న వరుస నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచింది. 113వ పదాతి రెజిమెంటు, 5వ కంపెనీ, 21వ ఆయుధం అని దాన్ని చదవాలి. 113వది బాడెన్‌కు చెందిన 5వ పదాతి రెజిమెంటు. దాని స్థావరం మీరుంటున్న ఫ్రైబుర్గ్. ఆ ఊరి రెజిమెంటు పిస్తోలు ఆ ఊరి ఇనప్పెట్టెలోనే దొరకడం ముచ్చటగానే ఉంది. కానీ యుద్ధమంతా తిరిగి అది నేరుగా ఇంటికి వచ్చిందని మాత్రం అనుకోవద్దు. 1920 ముద్ర పడిందంటే, అప్పటికి రెజిమెంటు రద్దయినా పిస్తోలు ప్రభుత్వం చేతిలోనే ఉందన్నమాట. ఆ తర్వాత అది కొత్త సైన్యంలో ఉందో, పోలీసుల దగ్గరకు వెళ్లిందో చెప్పే గుర్తులు మీరు పంపిన వివరాల్లో లేవు. ఎడమ పలకకు పైన, ట్రిగ్గర్‌కు సంబంధించిన కడ్డీని అడ్డగించే చిన్న అదనపు సేఫ్టీ ఒకటి అమర్చి ఉందేమో చూడండి. 1930ల తొలి సంవత్సరాల్లో పోలీసు పిస్తోళ్లకు దాన్ని చేర్చారు. అది ఉంటే ఒక దశ తేలినట్టే.

64 అని ఉన్న పలక మాత్రం ఈ పిస్తోలుది కాదు. పూర్తి సంఖ్యలోని చివరి రెండంకెలను చిన్న భాగాలన్నిటి మీదా కొట్టేవారు. మీ వివరాల ప్రకారం అవన్నీ 21. చాలా పిస్తోళ్లను ఒకే బల్ల మీద విప్పి శుభ్రం చేసేచోట ఒకదాని పలక మరొకదానికి చేరడం కొత్త సంగతేమీ కాదు. సేకర్తల దృష్టిలో విలువ తగ్గుతుంది, చరిత్ర దృష్టిలో ఏమీ తగ్గదు. అయితే ఆ 64ను అరగదీసి 21 కొట్టించమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినవద్దని ఆమెకు చెప్పండి. నిజాయితీగా సరిపోని పలక కన్నా అబద్ధంగా సరిపోయిన పలక అధ్వానం. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ సైన్యం పట్టుకున్న పిస్తోళ్లలో ఎన్నో తర్వాత మరమ్మతుకు వెళ్లి, భాగాలు కలగలిసి, మళ్లీ నల్లరంగు పట్టించుకుని వచ్చాయి. వాటిలో కొన్నిటి మీద పాత అంకెను కొట్టివేసి కొత్తది వేసిన గుర్తులూ, ‘ఎక్స్’ ఆకారపు ముద్రా కనిపిస్తాయి. అలాంటిదాన్ని ‘అన్ని సంఖ్యలూ కలిసిన అసలు పిస్తోలు’ అని అమ్మడం మోసమే.

రంగు కూడా ఒక సాక్ష్యం. 1912 నాటి పిస్తోలు పైభాగమంతా ముదురు నీలి నలుపులో ఉన్నా ట్రిగ్గర్, సేఫ్టీ మీట, మ్యాగజైన్ (గుళ్లు నింపే పెట్టె) బొత్తం, విప్పే మీట వంటివి ఎండుగడ్డి వన్నెలో ఉండాలి. వేడిచేసి ఆ వన్నె తెప్పించేవారు. అవి కూడా నల్లగా ఉంటే ఎవరో తర్వాత మొత్తం రంగు వేయించారని అనుమానించాలి. ముద్రల అంచులు పదునుగా కాక మెత్తబడినట్టు ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

హిట్లర్ సైన్యం మాట కూడా తేల్చేద్దాం. 1930లో లూగర్ తయారీ యంత్రాలు బెర్లిన్ నుంచి ఒబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ కర్మాగారానికి చేరాయి. అక్కడ సైన్యం కోసం చేసినవాటి టాగుల్ మీద సంస్థ పేరుకు బదులు ‘ఎస్/42’ అనే సంకేతం వేసి, 1934లో సంవత్సరానికి బదులు ‘కె’, 1935లో ‘జి’ అక్షరాలు కొట్టారు. 1936 నుంచి పూర్తి సంవత్సరం మళ్లీ వచ్చింది. తర్వాత సంకేతం 42గా కుదించుకుపోయి, 1941లో ‘బి.వై.ఎఫ్.’గా మారింది. ఆ కాలపు తనిఖీ ముద్ర కిరీటం కాదు. చిన్న డేగ, దాని కింద ఒక సంఖ్య. మీరు చూసిన పిస్తోలు మీద వీటిలో ఏదీ లేదు. రెండో యుద్ధంలో దాన్ని ఎవరూ వాడలేదని దీని అర్థం కాదు. వాడారనడానికి ఇనుము మీద సాక్ష్యం లేదు. వ్యాపారి అమ్మే కథకు డబ్బు ఇవ్వనవసరం లేదు.

చివరగా చట్టం సంగతి. అనుమతి పత్రం చనిపోయిన భర్త పేరిట ఉంది కనుక అది భార్యకు తనంతట తాను వర్తించదు. జర్మన్ ఆయుధ చట్టం ప్రకారం వారసత్వాన్ని అంగీకరించిన తర్వాత, లేదా దాన్ని నిరాకరించే గడువు ముగిసిన తర్వాత, ఒక నెలలోగా ఆమె తన పేరిట దరఖాస్తు చేయాలి. ఆయుధాల విషయంలో అవసరమూ అర్హతా లేని వారసులు సాధారణంగా గొట్టంలో తాళం బిగించే పరికరాన్ని నిపుణుడి చేత అమర్పించుకోవాలి. అన్నిటికన్నా ముందు స్థానిక ఆయుధ విభాగానికి ఫోను చేసి, మరణ వార్తతో పాటు పిస్తోలు ఉన్న సంగతీ తెలపమనండి. వాళ్లు చెప్పేదాకా దాన్ని సంచిలో వేసుకుని ఎవరికీ చూపించడానికి తీసుకువెళ్లకూడదు. మీరు కూడా ఫొటోల దగ్గరే ఆగడం మంచిది.

ప్రశ్న: జర్మనీలోని ఒక వేలం జాబితాలో ఆరు గుళ్ల సైనిక రివాల్వర్ చూశాను. శీర్షికలో 1883 నమూనా అని రాశారు. ఫొటోలో మాత్రం కిరీటం, ఎర్ఫుర్ట్, 1894 అని స్పష్టంగా కనిపిస్తోంది. ఏది నమ్మాలి? నూరేళ్లు దాటింది కనుక అక్కడ అనుమతి లేకుండా కొనవచ్చా?

జవాబు: రెండూ నమ్మవచ్చు. 1883 అనేది నమూనాను స్వీకరించిన సంవత్సరం, 1894 ఆ ప్రత్యేకమైన రివాల్వర్ తయారైన సంవత్సరం. ఒక నమూనా ఏళ్ల తరబడి తయారవుతూనే ఉంటుంది గనుక ఈ రెంటికీ మధ్య దూరం ఉండడం సహజం. అమ్మేవాళ్లు తమకు లాభమైన సంవత్సరాన్ని పెద్ద అక్షరాల్లో వేయడం కూడా అంతే సహజం.

రైష్ రివాల్వర్ అని పిలిచే ఈ ఆయుధాన్ని ష్పాండావులోని సైనిక తుపాకుల పరీక్షా సంఘం రూపొందించింది. 1879 నమూనా గొట్టం దాదాపు 18 సెంటీమీటర్లు. మూతి దగ్గర ఉబ్బెత్తు పట్టీ ఉంటుంది. 1883 నమూనా గొట్టం దాదాపు 12 సెంటీమీటర్లే. ఆ పట్టీ ఉండదు. రెండింటి కాలిబరూ 10.6 మిల్లీమీటర్లు. రివాల్వర్‌లో అరుదుగా కనిపించే సేఫ్టీ మీట ఎడమ పక్కన ఉంటుంది. పేలిన గుళ్ల తొడుగులను బయటకు నెట్టే పరికరం మాత్రం ఉండదు. సైనికుడు విడిగా ఒక కడ్డీతో ఒక్కొక్కటే నెట్టుకోవాలి, లేదా గుండ్రని చక్రాన్ని బయటకు తీయాలి. అప్పటికే ఇతర దేశాల్లో ఇంతకన్నా నేర్పైన రివాల్వర్లు ఉన్నాయి. జర్మన్ సైన్యం గట్టిదనాన్ని కోరి వేగాన్ని వదులుకుంది.

తయారీదారులను ముద్రల ద్వారా సులభంగానే గుర్తించవచ్చు. ఎర్ఫుర్ట్ కాక, జూల్ పట్టణంలోని ష్పాంగెన్‌బెర్గ్ అండ్ సౌవర్, షిల్లింగ్, హేనెల్ సంస్థలు కలిసి పనిచేసి తమ పొడి అక్షరాలన్నీ ఒకే కోడిగుడ్డు ఆకారపు గీతలో వేసేవి. జొమ్మెర్డాలోని డ్రైజె కర్మాగారం తన పేరు వేసుకునేది. మౌజర్ సోదరులు చేసినవి తక్కువ గనుక వాటికి గిరాకీ ఎక్కువ. అధికారులు తమ ఆయుధాన్ని సొంత డబ్బుతో కొనుక్కునేవారు కనుక సైన్యపు తనిఖీ ముద్రలు లేని రివాల్వర్లు కూడా దొరుకుతాయి. ముద్ర లేకపోవడం నకిలీ అనడానికి రుజువు కాదు. మరో మాట: 1891 నాటి జర్మన్ పరీక్షా చట్టం 1893 నుంచి అమల్లోకి వచ్చాక, పౌరులకు అమ్మే తుపాకుల మీద కిరీటం కింద ‘బి’, ‘యు’, ‘జి’ వంటి అక్షరాలు వేయడం మొదలైంది. వాటిని సైన్యపు తనిఖీ ముద్రలుగా పొరబడవద్దు. సైన్యపు అక్షరాలు పాత జర్మన్ లిపి వంపులతో ఉంటాయి.

అనుమతి విషయంలో నూరేళ్ల లెక్క జర్మనీలో పనిచేయదు. అక్కడ హద్దు 1871 జనవరి 1. ఆ తేదీకి ముందు రూపొందిన నమూనాల్లో వత్తితోనో రాతి నిప్పురవ్వతోనో పేలేవి, సూదితో పేలేవి, ఒకే గొట్టంతో ఒకే గుండు పేల్చే క్యాపు తుపాకులు – ఇవే పెద్దలు అనుమతి లేకుండా కొనగలిగేవి. 1883 నాటి ఆరు గుళ్ల రివాల్వర్ ఎంత పాతదైనా ఆ హద్దుకు ఇవతలే ఉంది. అమెరికాలో 1898 చివరిలోగా తయారైనదాన్ని పురాతన వస్తువుగా లెక్కిస్తారు. ఇంటర్నెట్‌లో కనిపించే ‘అనుమతి అక్కర్లేదు’ అనే మాటలు ఎక్కువగా అక్కడివాళ్లు రాసినవే. జర్మనీ వేలానికి అవి వర్తించవు.

ప్రశ్న: మౌజర్ సి.96 పిస్తోళ్లలో పిడి మీద ఎర్రటి 9 అంకె చెక్కి ఉన్నవి మొదటి ప్రపంచయుద్ధానివని చదివాను. ఆ అంకె చూసి అసలుదని నమ్మవచ్చా?

జవాబు: అంకెను చూసి మాత్రం నమ్మకండి. పిడికి బిగించే చెక్కలను ఒక్క మరమేకును విప్పి మార్చవచ్చు. కొత్తగా చెక్కి ఎర్రరంగు పూసినవి బజారులో కొల్లలు.

ఆ అంకె వెనక ఉన్న కారణం తెలిస్తే, ఇంకెక్కడ చూడాలో తెలుస్తుంది. సి.96 మామూలుగా 7.63 మిల్లీమీటర్ల గుండు వాడుతుంది. యుద్ధం మధ్యలో పి.08లు చాలక ప్రష్యా ప్రభుత్వం 1916లో 1,50,000 మౌజర్లు కావాలని కోరింది. సైన్యానికి అప్పటికే ఉన్న 9 మిల్లీమీటర్ల గుండు వీటిలోనూ వాడేలా చేయించింది. చూపుకు రెండు రకాలూ ఒకటే కనుక తప్పు గుండు ఎక్కించకుండా పిడి మీద 9 చెక్కి ఎర్రరంగు వేశారు. యుద్ధం ముగిసేనాటికి సైన్యానికి అందినవి సుమారు 1,37,000. ఈ పిస్తోళ్లకు ఒకటి నుంచి మొదలయ్యే ప్రత్యేకమైన సంఖ్యల వరుస ఉంది. కనుక సంఖ్య 1,37,000 దాటి చాలా దూరం పోయి ఉంటే, పిడి మీద ఎంత అందంగా 9 ఉన్నా అనుమానించవలసిందే. వెనుక గురి చూసే పట్టీ మీద మామూలు సి.96లలో 1000 మీటర్ల దాకా గీతలుంటాయి, వీటిలో 500 దాకానే. మ్యాగజైన్ గది ముందుభాగాన సైన్యపు డేగ ముద్ర ఉండాలి. గొట్టం కాలిబర్‌ను తుపాకీ నిపుణుడు కొలిచి చెప్పాలి. ఈ నాలుగూ కలిస్తే, చెక్క మీద అంకె చెరిగిపోయి ఉన్నా నేను అసలుదనే ఒప్పుకుంటాను.

గొట్టం మామూలు 140 మిల్లీమీటర్లకు బదులు 100కు కొద్దిగా తక్కువగా ఉండి, కదలని గురిపట్టీతో, ఎక్కడో 1920 ముద్రతో కనిపిస్తే కంగారు పడవద్దు. వెర్సాయ్ ఒప్పందపు పరిమితుల వల్ల యుద్ధం తర్వాత కొన్నిటి గొట్టాలను తగ్గించి పోలీసు వాడకానికి మార్చారు. దాన్ని ‘పాడుచేసిన పిస్తోలు’ అని తక్కువగా చూసేవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఆ కోత కూడా దాని చరిత్రలో భాగమే. స్పెయిన్‌లో తయారైన ఆస్ట్రా 900 దూరం నుంచి సి.96లాగే ఉంటుంది. ఎడమ పక్కన జారే పలక ఉంటే అది జర్మనీలో పుట్టలేదని వెంటనే తెలుసుకోవచ్చు.

ప్రశ్న: ‘బ్లాక్ విడో’ అనే పేరుతో నల్ల ప్లాస్టిక్ పిడి ఉన్న లూగర్లను ప్రత్యేక దళాల పిస్తోళ్లుగా అమ్ముతున్నారు. అలాంటి దళం నిజంగా ఉందా? ‘బి.వై.ఎఫ్. 44’ అని ఉన్న లూగర్ గురించీ చెప్పండి.

జవాబు: ఆ పేరు యుద్ధం తర్వాత వ్యాపారులు పెట్టినదే. 1941, 1942లలో మౌజర్ చేసిన పిస్తోళ్లలో కొన్నిటికి చెక్కకు బదులు నల్ల ప్లాస్టిక్ పిడి పలకలు వేశారు, అంతే. వాటిని వేరుగా పంచిన ప్రత్యేక దళం ఏదీ లేదు.

సైన్యం కోసం మౌజర్ లూగర్ల తయారీ 1942లో ముగిసింది. ఆ ఏడాది నుంచే అదే కర్మాగారం అదే ‘బి.వై.ఎఫ్.’ సంకేతంతో వాల్టర్ సంస్థ రూపొందించిన పి.38 పిస్తోళ్లు చేయడం మొదలుపెట్టింది. కనుక ‘బి.వై.ఎఫ్. 44’ (44 అంటే 1944) పి.38 మీద ఉంటే సబబు, లూగర్ మీద ఉంటే ఎవరో తర్వాత కొట్టినది. పి.38లు చేసినవాటిలో వాల్టర్ సంకేతం ‘ఏ.సి.’, ష్ప్రేవెర్క్ సంకేతం ‘సి.వై.క్యూ.’. మౌజర్ 1945లో ‘ఎస్.వి.డబ్ల్యు.’కు మారింది. యుద్ధం ముగిశాక ఫ్రెంచివారి అధీనంలో కూడా ఒబెర్న్‌డోర్ఫ్‌లో కొంతకాలం పి.38లు తయారయ్యాయి గనుక, ‘ఎస్.వి.డబ్ల్యు. 46’ కనిపిస్తే అది అబద్ధం కాదు, జర్మన్ సైన్యానిదీ కాదు.

ప్రశ్న: సేకరణలోకి కొత్తగా వచ్చిన పాత లూగర్ మీద తుప్పు మచ్చలున్నాయి. ముద్రలు సరిగా చదవడానికి ముందు ఇంట్లో విప్పి శుభ్రం చేయవచ్చా?

జవాబు: చేయకండి. లోపల గుండు లేదని మీరే నమ్ముకుని విప్పడం అసలే వద్దు. మ్యాగజైన్ తీసేసినా గొట్టం గదిలో ఒక గుండు మిగిలి ఉండవచ్చు. లూగర్‌లో ఇంకో ప్రమాదం ఉంది. పేల్చే కడ్డీ గొట్టం అమరిన భాగానికి ఎడమ పక్కన బయటికే కనిపిస్తూ ఉంటుంది. అందువల్ల పైభాగాన్ని పిడి నుంచి వేరుచేసిన తర్వాత కూడా, లోపల గుండు ఉంటే ఆ కడ్డీ మీద వేలు పడిన మాత్రాన పేలగలదు. పిడి విడిగా ఉంది గనుక పేలదని అనుకునేవారికి ఇది తెలియదు. ముందుగా అనుమతి ఉన్న తుపాకీ నిపుణుడి చేత ఖాళీ చేయించి, ఖాళీ అని రాయించుకోండి.

ఇక తుప్పు సంగతి. ఉక్కు పీచు, ఉప్పుకాగితం, తుప్పును కరిగించే ఆమ్లాలు ముద్రల అంచులను కొరికేస్తాయి. పల్చని యంత్రపు నూనెను మెత్తని గుడ్డతో పూసి కొన్ని రోజులు వదిలేసి తుడిస్తే, పైపై తుప్పు చాలామటుకు ఊడివస్తుంది. మిగిలిన మచ్చలను అలాగే ఉండనివ్వండి. చెక్క పిడికి ఆ నూనె తగలనివ్వవద్దు, చెక్క నల్లబడి ఉబ్బుతుంది. ముద్రలు చదవడానికి తోమడం అవసరం లేదు. గదిలో దీపాలు ఆర్పి, చిన్న టార్చిని ఇనుముకు దాదాపు సమాంతరంగా పట్టుకుంటే లోతు తక్కువైన గీతల మీద కూడా నీడ పడుతుంది. ఆ వెలుగులో ప్రతి వైపు నుంచీ ఫొటో తీసి ఉంచుకోండి. మ్యాగజైన్ అడుగున ఉన్న చెక్క బిళ్ల ఫొటో మరిచిపోవద్దు. దాని మీద పిస్తోలు సంఖ్య ఉంటే అది దానితోనే జారీ అయినది; సంఖ్య పక్కన కూడిక గుర్తు కూడా ఉంటే రెండో మ్యాగజైన్.